నమలని నక్క

ఎంత రుద్ది స్నానం చేసినా అతని ఒంటికి చేపల వాసన వదలదు. "నిన్ను కట్టుకున్నానా, చేపల బుట్టని కట్టుకున్నానా?" అని భార్య ముక్కు మూసుకుని మరీ భోజనం పెడుతుంది.

అది నక్కల కోసం చేసే ఉండల వాసన. చేపపొడీ కొవ్వూ కలిపిన ఆ ఉండ లోపల చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్, అందులో పిచ్చికుక్క రోగం రాకుండా కాపాడే మందు. అడవిలో ఒక్కో జంతువునీ పట్టుకుని సూది వేయడం ఎవరి తరం? ఉండలు వెదజల్లితే అవే నమిలి మింగాలి. ముందుగా ఆ మందు పనితనం పరీక్షించే చోట అతను బోనుల కాపరి. ఒక వరస నక్కలకి మందున్న ఉండలు, ఎదురు వరసకి ఉత్తవి. కొన్ని వారాలయ్యాక రెండు వరసలకీ సూదితో రోగం ఎక్కిస్తారు. మందు పడినవి బతకాలి. తక్కినవాటి సంగతి అతను ఎత్తడు. అసలే నోరు విప్పడం తక్కువ.

మందు వరసలో ఒకటుంది, గడుగ్గాయి. పిల్లగా వచ్చినప్పుడు దానికి సీసాతో పాలు పట్టింది అతనే. అతని అడుగుల చప్పుడు వింటే చాలు, బోనంతా గిరగిరా తిరుగుతుంది.

ఉండలు వేసిన మర్నాడు గడ్డి మారుస్తుంటే తొడుగు వేసుకున్న చేతికి ఏదో తగిలింది. మందు ప్యాకెట్. చిన్న గాటైనా లేదు. గడుగ్గాయి పైపూతంతా నాకేసి, ప్యాకెట్‌ని గడ్డి కింద దాచేసింది. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు తోక సవరించుకుంటోంది. సూది పడిందంటే ఇది దక్కదు.

కత్తిరించి మాంసంలో కలిపి పెట్టేస్తే? ఎవరు చూడొచ్చారు? ప్యాకెట్‌ని ఫ్రిజ్‌లో ఓ మూల దాచి ఇంటికొచ్చాడు. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంటయ్యా, కంచంతో మాట్లాడుతున్నావు?" అంది భార్య.

ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆమె చిన్నప్పుడు ఆమె తమ్ముణ్ని నక్క కరిచింది. చివర్లో గ్లాసుడు నీళ్లు చూసి వాడు ఎలా అరిచాడో పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు వడ్డించే గరిటె కింద పెట్టేసింది.

"నీ గారాలపట్టికి నువ్వు కలిపి పెడతావు. అడవిలో వాటికెవరు పెడతారయ్యా? నువ్వెళ్తావా గిన్నె పట్టుకుని?"

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"అది బతకాలని నాకు మాత్రం లేదా?" అంది మెల్లగా.

పొద్దున్నే ప్యాకెట్ తెచ్చి, పరీక్షలు నడిపే డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. "గడుగ్గాయి మింగలేదమ్మా. నిన్ననే చూశాను."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొంప ముంచింది కదా బాబాయ్!"

ఇద్దరూ కలిసి ఆ వరసంతా గడ్డి తిరగేశారు. ఇంకో ప్యాకెట్ దొరికింది.

"మరి వీటికి... సూది?" అని అడిగాడు.

"మందు పడకపోతే ఏమవుతుందో ఎదురు వరస ఎలాగూ చెప్తుంది. ఇంకా చంపడమెందుకు? మార్చాల్సింది ఉండని. ఈ దొంగ నమిలేదాకా మారుస్తూనే ఉంటాం. ఇకనుంచి ఇది రుచి చూసే ఉద్యోగి. నీకన్నా పెద్ద ఉద్యోగం బాబాయ్."

రోగం ఎక్కించాక మందు మింగిన నక్కలు నిలబడ్డాయి. ఎదురు వరస బోనులు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. వాటిని కడిగిన రోజుల్లో అతను ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలుగానూ మాట్లాడడు కనక ఎవరికీ తేడా తెలియలేదు.

కొత్త ఉండలొచ్చాయి. రుచి చూడ్డానికే కనక లోపల మందు బదులు నీలంరంగు నీళ్లు. ఒక రకాన్ని గడుగ్గాయి ఉమ్మేసింది. ఇంకో రకాన్ని గడ్డిలో పాతిపెట్టింది. ఆ తర్వాతి రకంలో పూత ప్యాకెట్‌ని అంటిపెట్టుకుని ఉంది, నాకితే రాదు.

"నములమ్మా, నమిలి చావు," అంటూ అతను ఊచల దగ్గర చతికిలబడ్డాడు.

పళ్ల మధ్య ప్యాకెట్ టప్పుమంది. గడుగ్గాయి చిరాగ్గా తల విదిలించి నోరు తెరిచింది.

సాయంత్రం భార్య ఎప్పట్లాగే ముక్కు మూసుకుని తలుపు తీసింది.

"నాలుకంతా నీలమే," అన్నాడు.

ఆమె ముక్కు మీంచి చెయ్యి తీసేసింది.