ఎనిమిదీ నలభై కబురు

బడి ఆఫీసులో ఆవిడను అందరూ కబుర్ల మేడం అనేవారు. ఏ కబురైనా ఆవిడ ఫోన్ నుంచే ఇళ్లకు వెళ్లాలి. రెండో తరగతిలో ఒకరికి ఆటలమ్మ పోసింది, ఒంటి మీద పొక్కులుంటే పిల్లల్ని పంపకండి. తలల్లో పేలు చేరాయి, దువ్వెనలకు పని చెప్పండి. రోడ్డు తవ్వారు, బస్సు పాత చోట ఆగదు. పేల గురించి రాస్తే చదివి నవ్వుకునేవారు, కానీ నమ్మేవారు. ఆ నమ్మకమంటే ఆవిడకు ప్రాణం.

అయితే ఆవిడకు ఒక దొంగ అలవాటుండేది. 'బస్సు చేరింది, పిల్లలందరూ క్షేమం' అన్న కబురును ముందురోజు సాయంత్రమే రాసి, పొద్దున్న ఎనిమిదీ నలభైకి దానంతటదే వెళ్లేలా పెట్టేసేది. డ్రైవరు బాబాయి పదకొండేళ్లలో ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు మరి! ఆయన్ని చూసి గడియారం సరిచేసుకోవచ్చు. ఇందులో తప్పేముంది అనుకునేది. మనమైనా అలాగే అనుకుంటాం.

ఆ పొద్దున్న పొగమంచు కమ్మింది. కిటికీ అవతల గేటు లేదు, గేటు పక్క చెట్టు లేదు, అసలు లోకమే లేదు. నడిచొచ్చే పిల్లలు ఆ తెలుపులోంచి ముందు బూట్లుగా, తర్వాత సంచులుగా, ఆఖరికి ముఖాలుగా ఊడిపడుతున్నారు. గంట కొడితే ఎక్కడో నీళ్లడుగున మోగినట్టుంది. ఆవిడ టీ గ్లాసు పట్టుకుని, నిద్రకీ మెలకువకీ మధ్య తేలుతూ చూస్తుండిపోయింది.

ఫోన్ కిణుక్కుమంది. కూతురు.

'అమ్మయ్య! మంచులో పాప ఎలా వెళ్తుందోనని గుండె పీచుపీచుమంటోంది. చేరిందన్నావుగా, ఇక పనిలో పడతా.'

పాప ఆవిడ మనవరాలు. బస్సెక్కడం మొదలుపెట్టి మూడో రోజు. ఆవిడ గడియారం చూసింది. ఎనిమిదీ నలభై రెండు. గేటు దగ్గరికి పరుగెత్తింది. బస్సు లేదు. డ్రైవరు ఫోన్ స్విచాఫ్.

"కాసేపు ఆగుదాం. వచ్చేస్తుందిలే," అంది వెనకే వచ్చిన పెద్ద మేడం. "ఇప్పుడు రాలేదని రాస్తే అందరూ గగ్గోలు పెడతారు."

"నా మాట నమ్మి నిశ్చింతగా ఉన్నారు మేడం. నాకు అదే భయంగా ఉంది."

గేటు దగ్గరే నిలబడి రాసింది. 'ఇందాకటి కబురు నిజం కాదు. చూడకుండా పంపాను. బస్సు ఇంకా రాలేదు. డ్రైవరు ఫోన్ కలవడం లేదు. నేను గేటు దగ్గరే ఉన్నాను. చూశాకే మళ్లీ రాస్తాను.' పంపాక సిగ్గుతో తల దించుకుంది.

తలెత్తేసరికి, పక్కింటి ముందు ఒక దీపం. ఎవరి తాతయ్యో టార్చి పట్టుకుని బయటికొచ్చాడు. ఆ అవతల ఇంకోటి. రోడ్డు పొడవునా ఇళ్లలోంచి తల్లులూ తండ్రులూ ఫోన్ల లైట్లు వేసుకుని గుమ్మాల ముందు నిలబడుతున్నారు. మనుషులు కనిపించడం లేదు, దీపాలే కనిపిస్తున్నాయి. ఒకరు "ఓయ్" అంటే అవతలివారు "ఓయ్" అంటున్నారు. ఆ వరస తెలుపులోకి వెళ్లి వెళ్లి మాయమైంది. చాలాసేపటికి, అటువైపు నుంచి ఒక మాట నోటినుంచి నోటికి నడిచొచ్చింది.

"ఉంది! మలుపు అవతల ఆగి ఉంది!"

మనిషి నడిచినంత నెమ్మదిగా, దీపాల మధ్య బస్సు కదిలి వచ్చింది.

"మలుపు కనపళ్లేదమ్మా, పక్కకి తీసి ఆపేశా," అన్నాడు డ్రైవరు బాబాయి. "ఫోనా, చార్జింగ్ లేక చచ్చింది. ఈ లైట్లు చూసుకుంటూ వచ్చా."

ఆవిడ మెట్టు దగ్గర నిలబడి ఒక్కో తలా ముట్టుకుని లెక్కపెట్టింది. ఇరవై ఆరో తల పాపది.

"అమ్మమ్మా, మేం మబ్బులో ఆగాం తెలుసా!"

అప్పుడు రాసింది. మెచ్చుకోళ్లు వచ్చిపడ్డాయి. కూతురు మాత్రం ఒక్క మాటే పంపింది. 'అమ్మా, మరి ఇన్నాళ్లూ?'

నాలుగుసార్లు చదువుకుంది. 'ఇన్నాళ్లూ చూడకుండానే,' అని రాసింది. రోజంతా జవాబు రాలేదు. అంతకంటే పెద్ద శిక్ష ఆవిడకు ఇంకెవరూ వేయలేరు.

మర్నాడు ఎండ కాసింది. బస్సు ఎప్పటి వేళకే వచ్చింది. ఆవిడ మెట్టు దగ్గరే నిలబడి, అందరూ దిగాక కబురు పంపింది. వెంటనే ఫోన్ కిణుక్కుమంది.

'నువ్వు చూశావా?'

'చూశాను. పాప ఎడమ బూటు లేసు ఊడితే కట్టాను.'