బోటు దిగని మనిషి

ఉప్పాడలో చేపలమ్ముకునే రాణికి సీరియళ్ళ మీదా సినిమాల మీదా అభిప్రాయాలు ఎక్కువ. పొద్దుటి బేరం అయ్యాక ఫోను ముందు పెట్టుకుని, కోడలు పట్టుచీరతోనే ఎందుకు నిద్రపోతుందో, హీరో వలని దుప్పటిలా ఎందుకు మడతపెట్టాడో మాట్లాడి యూట్యూబ్‌లో పెట్టేది. రెండు వేల మంది వినేవారు. పక్కింటి అప్పాయమ్మ అందరికన్నా ముందు విని నవ్వేది.

వాళ్ళిద్దరినీ దగ్గర చేసింది ఒకే ప్రమాదం. ఆరేళ్ళ క్రితం తుపానులో మునిగిన బోటుని నడిపినవాడు రాణి భర్త భీమరాజు. అప్పాయమ్మ ఒక్కగానొక్క కొడుకు నూకరాజు అందులో కలాసీ. ఉన్నవాళ్ళు ఐదుగురు. ఒడ్డుకు చేరింది సురేష్‌బాబు ఒక్కడే. గాలి నింపిన ట్యూబు ఒక్కటే ఉంటే దాన్ని తనకిచ్చేసి, ఇంజను గదిలో ఇరుక్కున్న నూకరాజు కోసం భీమరాజు మళ్ళీ కిందికి దిగాడని అతను ఊరందరికీ చెప్పాడు. కాకినాడలో లెక్చరర్‌గా చేసే శాంతికుమార్ గారు ఆ మాటలు విని నవల రాశారు. పేర్లు మార్చారు గాని జరిగింది మార్చలేదు. తర్వాత సురేష్‌బాబు కూడా కామెర్లతో పోయాడు.

ఈ వేసవిలో ఆ నవలని వెబ్ సిరీస్‌గా తీశారు. వీధిలో ఆడవాళ్ళంతా రాణి ఇంట్లోనే చూశారు. బోటు మరీ కొత్తగా ఉందని, కలాసీల చేతులకి ఒక్క గాటైనా లేదని రాణి అంటుంటే అందరూ నవ్వారు. చివరి ఎపిసోడ్‌లో బోటు నడిపేవాడు తాగి ఉన్నాడు. ట్యూబు లాక్కుని సముద్రంలోకి దూకేశాడు. కింద గదిలో కుర్రాడు తలుపు బాదుతూనే ఉన్నాడు.

అప్పాయమ్మ లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ తలుపు తీయలేదు. రాణి గుమ్మం బయటే నిలబడి, అది వాళ్ళు మార్చిన కథని, పుస్తకంలో అలా లేదని చెప్పింది.

"తలుపు బాదిన చప్పుడు నా చెవులతో విన్నానే," అంది లోపలి నుంచి అప్పాయమ్మ. "అంత వివరంగా ఊరికే తీస్తారా?"

రాణి ఫోను ముందు కూర్చుంది. భీమరాజు మందు ముట్టేవాడు కాదని, నవలలో ఉన్న మనిషి ఈ మనిషి కాదని చెప్పింది. వారంలో పదకొండు వీడియోలు పెట్టింది. చివరివాటిలో మాట కన్నా ఏడుపే ఎక్కువ. కింద జనం రాసినవి చదివింది. నటన అదిరిందన్నారు. సిరీస్‌ని సిరీస్‌లా చూడమన్నారు. చేపల దగ్గర ఆడవాళ్ళు తనని చూసి గొంతు తగ్గిస్తున్నారు.

ఆమె బస్సెక్కి కాకినాడ వెళ్ళింది. శాంతికుమార్ గారు ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు. కథ ఎలా మార్చుకున్నా అడగనని సంతకం పెట్టేశానన్నారు.

"మీ సంతకం మీ ఇష్టమండి," అంది రాణి. "మీరు విన్నది విన్నట్టు ఒక్క మనిషికి చెప్పండి. ఆవిడ నమ్మితే చాలు నాకు."

ఆయన మర్నాడే వచ్చారు. తలుపు తీసిన అప్పాయమ్మకి గంటసేపు చెప్పారు. ఆవిడ అంతా విని అడిగింది: "మీరు ఆ బోట్లో ఉన్నారా బాబూ?"

లేనన్నారాయన.

"ట్యూబు దక్కినోడు ఇచ్చినోడి గురించి మంచే చెబుతాడు. తనే లాక్కున్నా అలాగే చెబుతాడు."

చచ్చిపోయిన సురేష్‌బాబు కూడా ఇప్పుడు అబద్ధాలకోరు అయ్యాడు. శాంతికుమార్ గారు తల వంచుకుని బస్టాండుకు నడిచారు.

రాణి కదల్లేదు. ఆ గుమ్మంలోనే కూర్చుని, నవల తెరిచి, బోటు మునిగిన నాలుగు పేజీలూ గట్టిగా చదివింది. ఒక చోట ఆగి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. అప్పాయమ్మ తలుపు వెయ్యలేదు.

"విన్నాను," అంది చివరికి. "నువ్వు అబద్ధం చదివావని అనను రాణీ. కళ్ళు మూస్తే మాత్రం ఆ బొమ్మే కనబడుతోంది. నన్నేం చెయ్యమంటావు?"

రాణి పుస్తకం మూసింది. లోపలికి వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూలబడింది. అప్పాయమ్మ లేచిపొమ్మనలేదు. అలాగని ఆమె వైపు తిరగనూ లేదు.