సన్నకాడ పూలు

ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆమె, డ్యూటీకి పోయే ముందు మేడెక్కి గుమ్మడి తొట్టి చూసింది. ఆరో పిందె కూడా పండుబారి రాలిపోయింది. ఇక మిగిలింది వెనక బుడిపె ఉన్న ఒక్క మొగ్గ, రేపు విచ్చుకుంటుంది. ఏడవడానికి కూడా ఓపిక లేక మెట్లు దిగింది.

ఆ తీగ మొగుడిది. నాలుగు నెలల కింద కార్ఖానాలో లేతు మిషను అతని కుడిచేతి మూడు వేళ్ళు మింగేసింది. అప్పట్నుంచి ఆ చేతిని తువ్వాల్లో చుట్టి దాచుకుంటాడు, భార్యకైనా చూపించడు. గోడకేసి తిరిగి పడుకునే మనిషిని లేపి కూర్చోబెట్టింది ఆ తీగే. ఒక్క కాయ నిలబడితే ఇతనూ నిలబడతాడని ఆమె ఆశ.

మధ్యాహ్నం ఆసుపత్రి తోటమాలి దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"పూల వెనక బుడిపె ఉంటే ఆడవి, సన్నకాడవి మగవి. మగపూల పుప్పొడి అంటకపోతే పిందె నిలవదమ్మా," అన్నాడు ముసలాయన.

"సన్నకాడవా? కాయ కాయకుండా బలమంతా తాగేస్తున్నాయని మా ఆయన రోజూ తుంచేస్తాడు!"

తోటమాలి నెత్తి కొట్టుకున్నాడు. "కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే ఉంది!" అని తన గుమ్మడి పాదు నుంచి ఒక మగమొగ్గను కాడతో కోసిచ్చాడు. "నీళ్ళలో పెట్టు. పొద్దున్నే అంటించాలి. ఎండెక్కితే ముడుచుకుపోతాయి."

ఏం చెప్పాలి అతనికి? నువ్వు చేసిన ఈ ఒక్క పనీ తప్పేననా? గుట్టుగా తనే కానిచ్చేద్దామనుకుంది. కానీ ఒళ్ళు హూనమై ఆదమరిచి నిద్రపోయింది. లేచేసరికి గ్లాసులో పువ్వు లేదు. గబగబా మేడెక్కితే, అతను ఆ పువ్వు పట్టుకుని నిలబడున్నాడు.

"ఈ పనికిరానిదాన్ని నీళ్ళలో పెట్టావేంటే?"

దాచే ఓపిక ఇక లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అయితే అన్నిటినీ నేనే చంపానన్నమాట."

"తెలిసి చేశావా ఏంటి?"

అతను తువ్వాలు విప్పాడు. మిగిలిన రెండు వేళ్ళతో రేకులు ఒలిచి, ఆడపువ్వు నడిమికి పుప్పొడి అద్దాడు. ఆమె సాయం పట్టబోతే, "ఉండు, నేను చేస్తా," అన్నాడు. ఆమె డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి తిట్లు తింది.

వారం తర్వాత, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తుంటే వీధి మొదట్లోనే ఎదురొచ్చాడు. నలుగురూ చూస్తుండగా ఆ మొండి చేతిని పిడికిలి బిగించి పైకెత్తాడు.

"పిందె ఇంతయింది," అన్నాడు.