గిన్నె లేని గుమ్మం

ఆ ఆదివారం జోహరాబీ ఆంటీ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ఆంటీ, నడుముకి పట్టీ కట్టుకుని మంచం మీద గోడకి ఆనుకున్న ఆమె భర్త అల్లాబక్షు గారు, వాళ్ల అమ్మాయి సిద్దికా, వేటపాలెం నుంచి వచ్చిన అల్లాబక్షు గారి అక్క రహిమున్నీసా. ఉన్నది ఒక్కటే గది. గుమ్మం బయట నేను, చేతిలో బూరెల పొట్లం.

మాది పొదిలి దగ్గర పల్లెటూరు. ఇంటర్ చదవడానికి గుంటూరు వచ్చి పిన్ని దగ్గర ఉంటున్నాను. పిన్ని వాళ్ల చర్చిలో కొందరు ఆదివారం ఆరాధన అయ్యాక ఫంక్షన్ హాళ్లకి వెళ్తారు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం, కూరలు క్యాన్లకి ఎత్తుకుని మిర్చి యార్డు వెనక కాలనీలో పంచుతారు. "పుస్తకంలో రాసుకునే మాటలు బయట నాలుగు మాట్లాడితే అరిగిపోతావా?" అని పిన్ని నన్నూ వాళ్లతో పంపింది.

ట్రాలీ ఆటో నడిపే జయపాల్ అన్న మొదటి రోజే చెప్పాడు. "కావాల్సినవాళ్లు గుమ్మం బయట ఖాళీ గిన్నె పెడతారు. నింపి, మూతపెట్టి వచ్చేయడమే. తలుపు కొట్టొద్దు, పిలవొద్దు. గిన్నె లేదంటే ఆ ఇంటి వైపు చూడను కూడా చూడొద్దు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

సిద్దికాయే ముందు మాట్లాడింది. సందు చివర పంపు దగ్గర బిందె కడుగుతూ, "నువ్వూ బైపీసీయేనా? జువాలజీ ఎంతవరకు అయింది మీకు?" అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ పంపు దగ్గర కాసేపు నిలబడేవాళ్లం. గుంటూరులో నాకు స్నేహమంటే అదే. వాళ్ల నాన్న యార్డులో హమాలీ. మిరపకాయల టిక్కీ బస్తా మీద పడి నడుం పోయింది. అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. "మా మేనత్త నన్ను వేటపాలెం తీసుకుపోతానంటోంది, జీడిపప్పు పనికి. మీ పొయ్యి మీరు వెలిగించుకున్నంత కాలం చదివించుకోండి, లేదంటే పిల్లని నాతో పంపండి అని తేల్చి చెప్పింది" అంది ఒకసారి. "అందుకే అమ్మ, అంతా బానే ఉందని ఫోన్లో చెబుతుంటుంది." ఆ మాట అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ ఆదివారం హాల్లో బూరెలు బాగా మిగిలాయి. సిద్దికాకి ఇష్టమని ఒక పొట్లం విడిగా కట్టాను. కాలనీకి వెళ్లేసరికి మూడు దాటింది. యార్డు వైపు నుంచి ఘాటు వస్తోంది, అందరం తుమ్ముతున్నాం. జోహరాబీ ఆంటీ గుమ్మం బయట గిన్నె లేదు.

"లేదుగా, పద" అన్నాడు జయపాల్ అన్న.

"మర్చిపోయి ఉంటారన్నా. అడిగొస్తాను."

"అబ్బో! మా లిడియాకి మాటలొచ్చాయిరోయ్!" అని నవ్వి, ఆటో ఆపాడు. ఆ నవ్వుకి నాకు ధైర్యం వచ్చింది. ఓరగా వేసున్న తలుపు తోశాను.

"ఆంటీ, ఇవాళ గిన్నె పెట్టడం మర్చిపోయారా?"

లోపల చాప మీద కోడి పలావు, పెరుగు పచ్చడి. అప్పుడే భోజనాలకి కూర్చున్నట్టున్నారు. నేనెప్పుడూ చూడని ఒక పెద్దావిడ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది.

"ఏం గిన్నె?"

జోహరాబీ ఆంటీ గబుక్కున లేచింది. "ఇల్లు పొరబడినట్టుంది వదినా, పాపం. ఏమ్మా, నువ్వెళ్లాల్సింది పక్క సందులోకి కదూ?" అంటూ నవ్వింది. కళ్లు మాత్రం నవ్వలేదు. అది నాకు కనిపించింది. కనిపించినా అర్థం కాలేదు.

"కాదాంటీ, మీ ఇల్లే. ప్రతి ఆదివారం ఇస్తాంగా! సిద్దికా, నీకోసం బూరెలు కూడా..."

సిద్దికా పళ్లెంలోంచి తలెత్తలేదు. ఆ పెద్దావిడ ఎవరో అప్పుడు తట్టింది నాకు.

"ఏరా అల్లాబక్షూ, ప్రతి ఆదివారమా?" అందావిడ.

"అదేం లేదక్కా, పారెయ్యడం ఎందుకని వాళ్లే..."

"నోరుముయ్! మరి ఈ కోడి? నాకు చూపించడానికి కోశారా? నేనేమన్నా పరాయిదాన్నట్రా? జీడి సొన అంటి నా వేళ్లు నల్లబడితే పడ్డాయిలే, నా చేతి కూడు నేను తింటున్నా. నా తమ్ముడేమో ఎవరి పెళ్లిలోనో మిగిలింది తింటాడా!" తిడుతూనే ఏడ్చేసింది. ఎడమచేత్తో పైట చెంగు కళ్లకి అద్దుకుంది. "ఇంక మాటల్లేవు. మంగళవారం పిల్ల నాతో వస్తోంది."

"వదినా, మార్చిలో పరీక్షలు..."

"తిండి లేకుండా పరీక్షలేంటే జోహరా!"

అల్లాబక్షు గారు గోడ వైపు తిరిగిపోయారు. ఇల్లు పొరబడ్డానండీ అని అప్పుడైనా అనొచ్చు. అక్కర్లేనప్పుడు గలగలా వచ్చిన మాట, కావలసినప్పుడు రాలేదు. వెనక్కి తిరిగి సందులో పడ్డాను.

"తీసుకున్నారా?" అన్నాడు జయపాల్ అన్న.

తలూపాను. పొట్లం ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చూసి ఆటో స్టార్ట్ చేశాడు. అది పక్క సందులో ఎవరిదో గిన్నెలో పెట్టేశాను.

సోమవారం కాలేజీ నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను. చెప్పాల్సింది దారంతా లోలోపల అప్పజెప్పుకున్నాను. ఈసారి తలుపు తోయలేదు, కొట్టాను. సిద్దికా సగం తీసింది. ఆమె వెనకాల బట్టల సంచి, దాని మీద జువాలజీ రికార్డు.

"మీ అత్తతో నేను మాట్లాడతాను" అన్నాను. "ఇల్లు పొరబడ్డానని చెబుతాను."

"నిన్న మా అమ్మ నీకు అందించిన మాటేగా అది."

"నాకర్థం కాలేదు సిద్దికా. నిజంగా."

ఆమె తలుపు ఇంకాస్త దగ్గరికి లాగింది.

"పరీక్షలకైనా వస్తావా?"

లోపలి నుంచి వాళ్ల అత్త గొంతు వినిపించింది. "ఎవరితోనే మాటలు?"

సిద్దికా నా ముఖంలోకే చూస్తూ, "ఎవరో పిల్ల అత్తా, ఇల్లు పొరబడి వచ్చిందంట" అంది.

తలుపు వేసేసింది.