సాంచాల చప్పుడు

దొంగకు తెలివి ఉండాలి గానీ, కరుణాకర్‌కు ఉన్నంత ఉండకూడదు. కోరుట్లలో బంగారం దుకాణం మెట్లు దిగుతున్న లచ్చవ్వ మెడలో కొత్త గొలుసు చూశాడు. ఆమె వెంటే బస్సెక్కి సిరిసిల్ల దాకా వచ్చి, ఇల్లు చూసుకుని పోయాడు. ముందుగదిలో నాలుగు సాంచాలు. కరెంటుతో బట్ట నేసే ఆ మగ్గాలు పొద్దంతా దడదడలాడుతుంటే పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. కరుణాకర్ ముఖం వెలిగిపోయింది.

"గొంతు కోసినా ఎవ్వనికి ఇనవడదిర ఐలిగా. గిసొంటి ఇల్లు జిల్లల దొరుకది," అన్నాడు తోడుదొంగ ఐలయ్యతో.

ఇల్లు దొరికింది సరే, తాను దొరికితే మాత్రం ఈసారి ఏ కోర్టులోనూ బెయిలు పుట్టదని వకీలు ముఖం మీదే చెప్పాడు. అప్పటినుంచి పోలీసు కనబడితే చాలు, అతను పక్క సందులోకి మళ్ళుతున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ లోపలికి జొరబడి గడియ పెట్టారు. సాంచ దగ్గరున్న ముసలి హన్మండ్లును, నూలు కండెలు చుడుతున్న అతని పెండ్లాం లచ్చవ్వను కుర్చీలకు కట్టేశారు. లచ్చవ్వ మెడ బోసిగా ఉంది. గొలుసు బీరువాలో ఉందన్నమాట. బీరువాకేమో తాళం.

కరుణాకర్ కత్తి హన్మండ్లు గొంతుకు ఆనించాడు. "తాళంచెయ్యి ఏడవెట్టినవ్?"

"ఆఁ?" అన్నాడు హన్మండ్లు.

ఏళ్ళ తరబడి సాంచాల మధ్య బతికి చెవులు పోయిన మనిషి. కరుణాకర్ నరాలు తెగేలా మళ్ళీ అరిచాడు. ముసలాయన మళ్ళీ "ఆఁ?" అన్నాడు. కరుణాకర్ ఒళ్ళు మండి చెంప పగలగొట్టాడు. ముసలాయన పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

లచ్చవ్వ పెదాలు గబగబా ఆడుతున్నాయి. తాళం సంగతే చెబుతోందనుకుని కరుణాకర్ చెవి ఒగ్గాడు. ఒక్క ముక్క అందలేదు. ఆమె గోడమీది మెయిను స్విచ్చి వైపు గడ్డం ఎగరేసింది, అది ఆపితే చెబుతానన్నట్టు.

"బందు వెట్టుర," అని సైగ చేశాడు. ఐలయ్య మెయిను లాగేశాడు. నాలుగు సాంచాలూ ఒక్కసారే ఆగిపోయాయి.

"ఇగ చెప్పు ముసల్దానా."

"నీ పాడెగట్ట," అంది లచ్చవ్వ తీరిగ్గా. "ముసలోన్ని కొడ్తవార బాడ్కావ్?"

కరుణాకర్ కత్తి ఎత్తాడు. అంతలో గోడ అవతలి నుంచి ఆడగొంతు కెవ్వుమంది. "హన్మండ్లన్న సాంచాలు ఆగినయ్! ఉరికి రాండ్రి!"

గల్లీ అంతా కదిలింది. దొంగలిద్దరూ తేలు కుట్టినట్టు గమ్మున నిలబడ్డారు. గడ్డపార దెబ్బకు గడియ ఊడి తలుపు తెరుచుకుంది. ముందు దూకింది పక్కింటి మల్లక్క. ఆమె దొంగలను చూడలేదు. తల పైకెత్తి దూలం వైపు చూసింది.

తరువాత హన్మండ్లును చూసి అతని మోకాళ్ళ మీద పడిపోయింది.

"బతికే ఉన్నవా అన్నా! మా నర్సన్న సాంచాలు ఆపి ఉరివెట్టుకున్ననాడు, కరెంటు వోయిందనుకుంటిమి గదనే. ఒక్కలన్న రాకపోతిమి..."

నర్సన్న ఆమె మొగుడు. అతను పోయినప్పటినుంచి, ఏ ఇంట్లో సాంచాలన్నీ ఒక్కసారే ఆగినా, అడగకుండా తలుపు పగలగొట్టడం ఆ గల్లీ కట్టుబాటు. అందరికీ కన్నీళ్ళు ఆగలేదు. ఐలయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

కరుణాకర్ మెల్లగా తలుపు వైపు జరిగాడు. అప్పుడే మల్లక్కకు తాళ్ళు, నెత్తురు, కత్తి వరుసగా కనబడ్డాయి. ఏడుపులు ఆగిపోయాయి. గడ్డపార పట్టుకున్నవాడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

ఆ ముఖాలు చూసి కరుణాకర్ కత్తి కింద పడేసి చేతులు జోడించాడు. "పోలీసోల్లను పిలువుండ్రి! నీ కాల్మొక్త అక్కా, జల్ది పిలువుండ్రి!"

"పిలుస్తం తియ్, తొందరేంది?" అంది లచ్చవ్వ. కట్లు విప్పించుకుని లేచి, మెయిను పైకెత్తింది.

సాంచాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. ఎవరో తలుపు దగ్గరికి వేశారు. కరుణాకర్ గొంతు చించుకుని అరిచాడు.

హన్మండ్లు ముందుకు వంగి, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఆఁ?" అన్నాడు.