గుండె పుస్తకం, చర్మం పుస్తకం

టీచరమ్మ భర్త పోయిన రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పెట్టుకున్నాడు. దూది మీద దూది మార్చినా రక్తం ఆగలేదు. "నువ్వు దిద్దిన పరీక్ష పేపరులా ఉన్నానే," అని నవ్వాడు. మధ్యాహ్నం తల పగిలిపోతోందని పడుకున్నాడు. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆయన మంచం ఖాళీ అయింది.

"రక్తం పల్చబడే మాత్ర వాడేవారా?" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. గుండె కోసం మూడేళ్ళుగా వాడుతున్నాడు. పది రోజులుగా తామరకీ ఒక మాత్ర వేసుకుంటున్నాడు. "తామరకి ఇచ్చిన మాత్ర, ఈ గుండె మాత్రని కాలేయం కరిగించకుండా అడ్డుపడింది. రోజూ వేసుకున్నది ఒక్కటే. ఒంట్లో మాత్రం అది అరక్క పోగుపడింది. తలలో రక్తనాళం చిట్లింది."

టీచరమ్మకి ఒక్కసారి వింటే చాలు, అర్థమైంది.

ఆయన జబ్బుల్ని కూడా ఆమె బడి పద్ధతిలోనే నడిపింది. జబ్బుకో నోటుబుక్కు, అట్ట, చీటీ. గుండె డాక్టరు దగ్గరికి గుండె పుస్తకం, చర్మం డాక్టరు దగ్గరికి చర్మం పుస్తకం. లెక్కల పీరియడ్లో సైన్సు పుస్తకం తీసిన పిల్లల్ని ఆమె బెంచీ ఎక్కించేది.

ఆయన పోవడానికి పది రోజుల ముందు చర్మం డాక్టరు, "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు. ఆయన హుషారుగా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గుండె కథ మొదలుపెడితే ఆయన నోటికి తాళం ఉండదు. బయట ఇరవై మంది కూర్చున్నారు. ఆమె బల్ల కింద ఆయన కాలు తొక్కింది.

"ఏమీ లేవండీ," అంది.

బయటికొచ్చాక ఆయన గొణిగాడు. "చెప్పనిస్తే నీ సొమ్మేం పోయిందే?"

"చర్మం డాక్టరుకి మీ గుండె గోలెందుకు? నోరు మూసుకుని నడవండి."

ఆయన నోరు మూసుకుని నడిచాడు.

ఆయన పోయి వారం తిరక్కుండానే ఆడపడుచు, చర్మం డాక్టరు మీద ఫిర్యాదు కాగితంతో వచ్చింది. "వాణ్ణి వదిలిపెట్టను వదినా. క్లినిక్కు మూయించేదాకా నిద్రపోను. పైగా, అడిగితే లేవన్నారని బొంకుతున్నాడు. అడిగాడా?"

టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "గుర్తు లేదు."

"నీకా గుర్తు లేనిది! ముప్పై ఏళ్ళ కిందటి హాజరు పట్టీ ఒప్పజెబుతావు. అంటే వాడు అడగలేదన్నమాటే. ఇదిగో, తప్పులుంటే దిద్దు. నా రాత చూస్తే నీకు ఒళ్ళు మంట గదా."

ఆమె ఎర్ర పెన్ను తీసింది. 'డాక్టరు ఇతర మందుల గురించి అడగలేదు' అన్న వాక్యం చివర చుక్క లేదు. పెట్టింది. కింద సంతకం చేసింది.

క్లినిక్కు షట్టరు దిగిన రోజు డాక్టరు ఫోన్ చేశాడు. "అమ్మా, నేను అడిగాను. మీరే లేవన్నారు. ఆ ఒక్క మాట చెప్పండి చాలు. పిల్లలున్నవాణ్ణి."

"రాంగ్ నంబరండీ," అని పెట్టేసింది.

తర్వాత రెండు పుస్తకాలూ ఒకే సంచిలో పెట్టి, బీరువాలో దాచింది.

డాక్టరు అడిగాడని ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు.