వద్దన్న పదహారు మంది

నూకరత్నం ఆస్పత్రి మెట్లెక్కడం అద్దాల తలుపులోంచి చూసి పావని చటుక్కున తల దించుకుంది. ఎడమకాలు పై మెట్టు మీద పెట్టి, కుడికాలిని దాని పక్కకి ఈడ్చుకుంటోంది ఆ మనిషి. ఆ కుడి మోకాలి చిప్పను ఇదే ఆస్పత్రిలో రెండుసార్లు మార్చారు. మొదటిసారి చీము పట్టింది.

రాజమండ్రిలోని ఆ ఎముకల ఆస్పత్రిలో పావని చేసే పని కీళ్ల రిజిస్ట్రీ. చిప్ప మార్చిన ప్రతి రోగి వివరాలూ కంప్యూటర్లో ఎక్కించాలి, రోగి ఒప్పుకుంటేనే. వద్దంటే ఎక్కించకూడదు. ఏ ఆస్పత్రిలో నూటికి ఎందరికి ఆపరేషన్ వికటించిందో రిజిస్ట్రీ వాళ్లు ఏటా వెబ్‌సైట్లో పెడతారు. ఎవరైనా చూసుకోవచ్చు.

"బాగున్నారా మేడమ్ గారండి?" నూకరత్నం కుర్చీలో కూలబడింది. "ఇది మా చెల్లి లోవలక్ష్మండి. రేపు పొద్దున్న దీని మోకాలు మారుత్తారు. కాగితాలు మీ దగ్గరన్నారు."

"నేను రానన్నానండి," అంది లోవలక్ష్మి. "చేపల తట్ట నెత్తినెట్టుకుని నాలుగూళ్లు తిరిగొచ్చే మా అక్క, ఇప్పుడు గుమ్మంలో కూచుని రొయ్యలొలుత్తంది. అది చూశాక ఎవరొత్తారండి?"

"నువ్వూరుకోవే. మా కోడలు ఫోన్లో చూసిందండి. ఇక్కడ నూటికి ఒక్కళ్లకేనంట తేడా చేసేది. ఆ ఒక్కదాన్నీ నేనైపోయాను కదా, ఇంక దీనికేం కాదని లాక్కొచ్చాను."

పావని చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ ఒక్కరు నూకరత్నం కాదు. ఆమె ఆ లెక్కలోనే లేదు.

ఒప్పుదల ఫారంలో ఒక గడి ఉంటుంది. ఆపరేషన్‌కి ముందే రోగిని అడిగి అందులో టిక్కు పెట్టాలి. పావని అడిగేది కూడా. ఇటువైపు మనుషులు ఆస్పత్రిలో దేనికీ ఎదురు చెప్పరు. "ఆయ్, మీ ఇష్టమండి" అని సంతకం చేసేసి, ఆ గడి ఆమెకే వదిలేస్తారు. మూడేళ్ల కిందట ఒక మోకాలు చెడిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టర్ సుధాకర్ అన్నం ముట్టకుండా కూర్చున్నారు. ఆ రోజు ఆ రోగి ఫారంలో ఖాళీగా ఉండిపోయిన గడిలో పావని 'వద్దు' అని టిక్కు పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. డాక్టరు ఫారం చూశారు, ఆమెను చూశారు, సంతకం చేశారు. అంతే, అదే పద్ధతి అయిపోయింది. ఆర్నెల్లు ఆగడం. బాగా నడిచినవాళ్లకు 'సరే'. నడవలేనివాళ్లకు 'వద్దు'.

ఈ మూడేళ్లలో మొత్తం నాలుగొందల ఇరవై ఆపరేషన్లు. మళ్లీ కోయాల్సి వచ్చింది ఇరవై మందికి. వెబ్‌సైట్లో కనిపించేది నలుగురే, 'సరే' పెట్టాక చెడినవాళ్లు.

"సంతకం ఎక్కడెట్టాలండి?" లోవలక్ష్మి పెన్ను కోసం చెయ్యి చాపింది.

ఇచ్చేస్తే సరిపోయేది. ఇంతకుముందు ఎందరికో ఇచ్చింది.

"ఆగండి." పావని గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నూకరత్నం గారూ, ఆ ఒక్కరు మీరు కాదండి. రిజిస్ట్రీలో మీ పేరు లేదు. మీరు వద్దన్నారని రాశాను."

"నేనెప్పుడు వద్దన్నానండి?"

"అనలేదండి."

"మరి?"

"మీలాగే ఇంకో పదిహేను మంది ఉన్నారు. అందరినీ కలిపితే నూటికి దాదాపు ఐదుగురు."

నూకరత్నం తన మోకాలిని తడుముకుంది. "చీము పట్టి మంచంలో ఉన్నప్పుడు, పోనీలే, ఆ తేడా ఏదో నాతో పోయింది, చెల్లికి రాదు అనుకునేదాన్నండి. ఆ ఒక్క ధైర్యంతోనే పడున్నాను."

"నన్ను తిట్టండి."

"తిట్టనండి. తిడితే మీకు తేలికైపోద్ది."

లోవలక్ష్మి వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. "ఐదుగురు పోతే, మిగతా తొంబై ఐదు మందీ నడుత్తున్నారా అండి?"

"నడుస్తున్నారండి. మీకు చేయించుకోవడమే మంచిది, నిజంగా."

"ఇదైనా నిజమేనా?"

"నిజమేనండి."

"ఎలా నమ్మమంటారు?"

పావని తెర వాళ్ల వైపు తిప్పబోయి మానుకుంది. కంప్యూటర్లో ఉన్నవన్నీ ఆమె ఎక్కించిన అంకెలే.

లోవలక్ష్మి లేచి అక్కకి చెయ్యి అందించింది. పావని గబగబా బల్ల వెనక నుంచి వచ్చి నూకరత్నం రెండో చెయ్యి పట్టుకోబోయింది. ఆమె మెల్లిగా విడిపించుకుంది. మోకాలు నొప్పితో చెల్లెలు, బిగుసుకుపోయిన కాలితో అక్క, ఒకరినొకరు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగారు.

బల్ల మీద ఫోన్ మోగింది. డాక్టర్ సుధాకర్.

"రేపటి తొమ్మిది గంటల పేషెంటు ఆటో ఎక్కేస్తోందేంటి పావనీ? ఎవరేమన్నారు?"

"నేనేనండి. చెడిపోయిన మోకాళ్ల లెక్క చెప్పాను."

ఫోన్‌ని భుజానికి ఆనించుకుని, పావని ఫారాల బీరువా తాళాలు అందుకుంది.

"ఆ పదహారు మందికీ ఫోన్ చేసి మళ్లీ అడుగుతానండి. ఈసారి వాళ్లు చెప్పిందే రాస్తాను." డాక్టరు ఇంకా ఏమీ అనకముందే ఫోన్ పెట్టేసి, బీరువా తాళం తీసింది.

కిటికీలోంచి ఆటో కనిపించింది. లోవలక్ష్మి మోకాలు వంగక, లోపలికి ఎక్కలేక ఇంకా అవస్థ పడుతూనే ఉంది.